నడిచే ఆసుపత్రి

అంబులెన్స్ అనగానే మనకు సైరన్ వేసుకుని దూసుకెళ్లే వ్యాను గుర్తొస్తుంది. మొదట్లో ఆ పేరు బండిది కాదు. లాటిన్‌లో అంబులారే అంటే నడవడం. సైన్యం వెంట మకాం మారుస్తూ పోయే ఆసుపత్రిని ఫ్రెంచివాళ్లు ‘నడిచే ఆసుపత్రి’ అన్నారు. డేరాలు, సర్జన్లు, మందుల పెట్టెలు అన్నీ కలిపి అంబులెన్స్.

పేరుకే నడక. ఆ ఆసుపత్రి యుద్ధరంగానికి ఒక లీగు, అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఆగిపోవాలన్నది సైన్యం నియమం. పోరు ముగిసేదాకా కదలకూడదు. 24 గంటలు, ఒక్కోసారి 36 గంటలు క్షతగాత్రులు పడినచోటే పడి ఉండేవారు. నెత్తురు కారి అక్కడే ప్రాణాలు విడిచినవారు ఎందరో.

1792లో ఫ్రాన్స్ రైన్ సైన్యంలో పనిచేస్తున్న యువ సర్జన్ డొమినిక్ జాన్ లారే ఇది చూసి తట్టుకోలేకపోయాడు. గుర్రాలు లాగే తేలికపాటి ఫిరంగులు రంగంలో ఇట్టే చోటు మార్చడం ఆయన గమనించాడు. ఫిరంగి వెళ్లగలిగిన చోటికి వైద్యుడు ఎందుకు వెళ్లలేడు? ఆ ఆలోచనలోంచే ‘ఎగిరే అంబులెన్స్’ పుట్టింది. 1797లో ఇటలీ దండయాత్ర నాటికి దానికి పూర్తి రూపం వచ్చింది.

చిన్న బండికి రెండు చక్రాలు, రెండు గుర్రాలు. పైన పెట్టె, గాలి కోసం పక్కలకు కిటికీలు, కుదుపు తగలకుండా స్ప్రింగులు. లోపలి పలక రోలర్ల మీద బయటికి జారుతుంది, దానిమీద పరుపు. మనిషిని పడుకోబెట్టి లోపలికి తోస్తే చాలు, విరిగిన కాలును మళ్లీ కదిలించే పని లేదు. ఈజిప్టు ఇసుకలో చక్రాలు సాగకపోతే ఒంటెలకు రెండువైపులా పెట్టెలు కట్టించాడు.

బండి కన్నా ఆయన పెట్టిన వరుసే నాకు గొప్పగా తోస్తుంది. గాయం ఎవరిది ప్రమాదకరమైతే వారికే ముందు చికిత్స. సేనాధికారా, మామూలు సిపాయా అన్నది చూడకూడదు. రాజుల కాలంలో పుట్టి పెరిగిన మనిషి ఈ మాట అనడమే కాదు, ఆచరించి చూపాడు.

1850లలో క్రిమియా యుద్ధం నాటికి ఇంగ్లిషులో ఆ పేరు ఆసుపత్రి నుంచి బండికి మారింది. 1869లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రి గుర్రపు అంబులెన్సులను నగర వీధుల్లోకి తెచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలైంది. ఇప్పుడు మన ఊళ్లలో అంబులెన్స్ అనేవారికన్నా ‘108కి ఫోన్ చెయ్యి’ అనేవారే ఎక్కువ.

ఫోన్ చేసినప్పుడు ఊరు, మండలంతో పాటు దగ్గర్లోని గుడో బడో గుర్తు చెప్పండి. రోడ్డు మీదికి ఒక మనిషిని పంపండి. వెనక సైరన్ వినబడితే వెంటనే పక్కకు తప్పుకోండి.