నీటి పరీక్ష పల్లె చేతికి వచ్చిన కథ

తేటగా నున్న నీరు మంచిదనియు, తియ్యగా నున్నచో మరింత మంచిదనియు మన పూర్వులు తలచుచుండిరి. ఆ తలంపు వట్టిది కాదు. అయినను కంటికిని, నాలుకకును చిక్కని దోషములు రెండు తెలుగు పల్లెలను తరతరములుగా పీడించినవి.

మొదటిది నారికురుపు. జనులు కాళ్లతో దిగి కడవలు ముంచుకొను చెరువులనుండియు, దిగుడుబావులనుండియు అది వ్యాపించెడిది. కాలిమీద పొక్కు లేచి, మూరెడుకు మించిన పురుగు దినదినము కొంచెముగా వెలువడు ఆ బాధ నెరిగిన వృద్ధులు నేటికిని కలరు. నీటిని గుడ్డతో వడగట్టుటయు, చేతిపంపుల వాడుకయు దానిని తరిమినవి. మన దేశమున తుది రోగి 1996లో కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశమునకు విముక్తి పత్రము నొసగెను.

రెండవది మరింత మాయలమారి. 1937లో షార్టు మున్నగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో వెన్ను బిగిసి, కీళ్లు వంగక బాధపడువారిని పరీక్షించి, ఆ వ్యాధికి బావినీటిలోని ఫ్లోరైడు కారణమని ప్రకటించిరి. రాతినుండి నీటిలో కరగు ఈ పదార్థమునకు రంగు లేదు, వాసన లేదు. నల్లగొండ సీమలో ఎందరి పండ్లు గారపట్టెనో, ఎందరు పిల్లల కాళ్లు వంకరపోయెనో! చెరువును విడిచి లోతైన బోరును నమ్ముకొన్న ఊళ్లు కొన్ని క్రిములను తప్పించుకొని ఫ్లోరైడు వాత బడుట విధి వైపరీత్యమే. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఆ నీటిని బాగుచేయు విధానమునకు నల్లగొండ పేరే నిలిచినది.

పూర్వము నీటిని సీసాలో నింపి పట్టణమునకు పంపి, ఫలితమునకై వేచియుండవలసి వచ్చెడిది. 1982లో మంజా మున్నగు శాస్త్రజ్ఞులు ఒక సులభోపాయమును ప్రకటించిరి. మందు పట్టించిన కాగితమున్న సీసాలో నీరు పోసి, ఒక రాత్రి వెచ్చగా నుంచిన చాలును. నీటిలో మలసంబంధమైన క్రిములున్నచో అది నల్లబడును. ఫ్లోరైడు పరీక్ష వేరు. ఎర్రని మందు నీటిలో కలిపినపుడు, ఫ్లోరైడు హెచ్చినకొలది రంగు పసుపువైపు తిరుగును. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మేలు. వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింతురు.

2019లో ఆరంభమైన జలజీవన్ మిషను క్రింద ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు ఈ పరీక్షలు నేర్పవలెనని నిర్ణయించిరి. బిందె మోసిన చేతికే పరీక్ష సీసా నందించుట ఉచితమే గదా! అయితే ఇచట పొరపాటు పడువారు పెక్కురు. సీసా నల్లబడలేదన్నంత మాత్రమున ఫ్లోరైడు లేదని కాదు. కాచిన నీట క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును. సందేహము కలిగిన నీటిని ప్రయోగశాలకు పంపియే తీరవలెను.

రసాయన పరీక్ష ఏడాదికొక్కసారి, క్రిముల పరీక్ష వానలకు ముందొకసారి, తరువాత నొకసారి చేయవలెనని నియమము. తొలివానకు దొడ్లలోని పేడయు, వీధుల మురికియు చెరువులో చేరును గనుక, ఎండకాలమున తెల్లగా నిలిచిన సీసా శ్రావణమున నల్లబడవచ్చును.