మెంగా శిలాగృహం ముంగిట రెండు సమాధులు

స్పెయిన్ దేశపు దక్షిణ భాగంలో, మాలగా నగరానికి ఉత్తరాన ఆంతెకేరా అనే పట్టణం ఉంది. ముస్లిముల పాలనలో దాని పేరు అంతఖీరా. క్రీ.శ. 1410లో కాస్తీల్ సైన్యం వశమయ్యేవరకు అది అల్ అందలుస్‌లోనిదే. ఈ పట్టణపు అంచున ఒక మట్టిదిబ్బ క్రింద మెంగా అనే ప్రాచీన శిలాగృహం ఉంది. తెలుగు పల్లెలలో రాకాసిగుళ్లని పిలిచే సమాధుల కోవలోనిదే గాని, పరిమాణంలో వాటికి ఎంతో మించినది. క్రీ.పూ. 3800-3600 మధ్య కట్టిన ఈ గృహపు పైకప్పు రాళ్లలో ఒకదాని బరువే సుమారు 150 టన్నులు.

2005లో ఈ గృహం ముంగిట త్రవ్వకాలు జరిపినపుడు ఇద్దరి అస్థిపంజరాలు బయల్పడ్డాయి. అవి కట్టినవారివి కావు. క్రీ.శ. 8-11 శతాబ్దాల నాటివి. అనగా ఖుర్తుబాలో ఉమవీలు పాలించిన కాలానికి ఇంచుమించుగా చెందినవి. దేహాలను శిలాగృహపు మధ్యరేఖ వెంబడి ఉంచారు. మరి వీరు ముస్లిములేనా?

అల్ అందలుస్‌లో ఖబరును సాధారణంగా నైరుతి నుండి ఈశాన్యానికి త్రవ్వి, మృతుణ్ణి కుడిప్రక్కకు తిప్పి, ముఖం ఆగ్నేయాన ఖిబ్లా వైపు ఉంచేవారు. మెంగా మధ్యరేఖ కూడా ఈశాన్యానికే సాగుతుంది. ఆ దేశపు శిలాగృహాలు ఎక్కువగా సూర్యోదయ దిశను చూస్తాయి. మెంగా మాత్రం మనిషి ముఖాన్ని పోలిన ఒక కొండను చూస్తుంది. (ఒక ముస్లిం యువతి, ఆమె ప్రేమించిన క్రైస్తవ యువకుడు ఆ కొండపై నుండి దూకి మరణించారని తరువాతివారు కథ చెప్పుకొని, దానిని ప్రేమికుల బండ అన్నారు. ఆ కొండను ఏ తరంవారూ ఊరక వదలలేదు!) కొండ కోసం పూర్వులు ఏర్పరచిన రేఖ, మక్కా కోసం త్రవ్వే ఖబరు రేఖ ఇక్కడ ఒక్కటయ్యాయి. కనుక దిశ ఒక్కటే సాక్ష్యం కాజాలదు.

2024లో ప్రకటితమైన జన్యు పరిశోధన ఇద్దరిలో ఒకరి వంశాన్ని వెల్లడించింది. అతనిలో ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, షామ్ ప్రాంతాల రక్తం కలిసి ఉంది. దీనిని బట్టి అతని ధర్మాన్ని నిర్ణయించబూనడం తొందరపాటు. ఇస్లాం స్వీకరించిన స్థానికులను మువల్లదులనేవారు; వారి రక్తం ఐరోపాదే. అరబీ మాట్లాడుతూ క్రైస్తవులుగానే ఉండిపోయినవారూ ఆ నేలపై ఉండేవారు. ఎముకలపై షహాదా వ్రాసి ఉండదు గదా! ఖననం చేసినవారు ఆ రాళ్లను పూజించారనడానికీ ఇందులో ఆధారం లేదు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన కట్టడం అప్పటికీ వారి కళ్లెదుట ఉండినది, దాని ముంగిట తమవారిని పూడ్చిపెట్టారు, రుజువైనది ఇంతవరకే. రెండవ వ్యక్తి ఎముకలు జన్యు పరీక్షకు లొంగలేదు.