ఒప్పుకున్నాడా, చెప్పుకున్నాడా? గాయకుడి వెల్లడి, శ్రోత మాట: ఓడలరేవు నుంచి ఒక పరిశీలన

2016 నవంబరు 22న మంగళంపల్లి బాలమురళీకృష్ణ చెన్నైలో కన్నుమూశారు. ఆయన పుట్టిన శంకరగుప్తం, మా కోనసీమ తీరంలోని ఓడలరేవుకు వైనతేయ పాయ అవతల, రాజోలు వైపు ఊరు. నెల తిరిగిన మూడో రోజున, సరిగ్గా క్రిస్మస్ నాడు, ఇంగ్లండులో పాప్ గాయకుడు జార్జ్ మైకేల్ పోయాడు. యాభై మూడేళ్ళు. ఈ రెండు చావులకూ సంబంధం ఏమీ లేదు. కానీ ఆ డిసెంబరు చివర్లో, బీచి రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఈ రెండు గొంతులూ ఒకే బల్ల మీద చర్చకు వచ్చాయి. ఈ వ్యాసానికి మొదలు అక్కడే.

ఇంజినీరింగు చదివే కుర్రాడొకడు సెల్‌ఫోన్లో జార్జ్ మైకేల్ పాడిన ‘కేర్‌లెస్ విస్పర్’ పెట్టాడు. సాక్సఫోను విన్న పక్కవాడు, “ఈయన గే అంట సార్” అన్నాడు నాతో, కొంచెం గొంతు తగ్గించి. పౌరాణిక నాటకాలకు చిన్నప్పటి నుంచీ హార్మోనియం వాయించిన పెద్దాయన ఒకరు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆ మాటకి అర్థమేమిటని అడిగి, చెప్పించుకుని, ఆయన అన్నది ఇది: “అయితే ఏంటండీ మాస్టారూ? పాటలో అపస్వరం ఏవన్నా పడిందాండీ?” వెంటనే మాట బాలమురళి వైపు తిప్పేశారు. తిప్పడం మొహమాటంతో కాదని నా నమ్మకం. ఆయనకు బాలమురళి సంగతి నిజంగానే పెద్ద సంగతి.

ఆ తర్వాత కొన్నేళ్ళు, పని ఉన్నా లేకపోయినా, అల్లవరం, అమలాపురం, రాజోలు చుట్టుపక్కల పాట వినేవాళ్ళని, గాయకుడు తన సంగతి బయట చెబితే అతని పాట మీకు మారుతుందా అని అడుగుతూ వచ్చాను. పట్టుమని పాతికమంది లేరు. అయినా విన్న జవాబుల్లో ఒక తీరు కనిపించింది. ఆ తీరుకు మనకున్న సిద్ధాంత గ్రంథాల్లో చోటు లేదు.

స్వలింగ ప్రేమ మీద మన దేశంలో మంచి పని జరగలేదని కాదు. రూత్ వనిత, సలీం కిద్వాయ్‌ల సంకలనం 2000లో వచ్చింది. హైదరాబాదు హిజ్రాల మధ్య తిరిగి గాయత్రీ రెడ్డి రాసిన పుస్తకం 2005లో వచ్చింది. హిజ్రా రచయిత్రి రేవతి ఆత్మకథను పి. సత్యవతి తెలుగు చేసిన తీరు ఎవరైనా చేతులెత్తి మొక్కవలసింది. 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం దానికి దక్కింది. కానీ వీటిలో వేటికీ పేరున్న గాయకుడితో గాని, అతన్ని వినే శ్రోతతో గాని పని లేదు. ఆ పని పెట్టుకున్నవాడు బ్రిటిష్ సినిమా విద్వాంసుడు రిచర్డ్ డయర్. నా తగాదా ఆయనతోనే.

1986లో వచ్చిన ‘హెవెన్లీ బాడీస్’లో డయర్ మార్లిన్ మన్రో, పాల్ రోబ్సన్, జూడీ గార్లండ్‌ల మీద మూడు అధ్యాయాలు రాశాడు. తార అనేవాడు ఎలా పుడతాడంటే, ‘ఇతను నిజానికి ఎలాంటివాడు’ అన్న ప్రశ్న జనం మనసులో ఆగకుండా తిరగడం వల్ల పుడతాడని ఆయన వాదం. గార్లండ్ అధ్యాయంలో ఇంకో మెట్టు ఎక్కాడు. 1950లో ఎంజీఎం స్టూడియో ఆమెను వదిలించుకోవడం, ఆమె ఆత్మహత్యకు ప్రయత్నించడం బయటికి పొక్కాక, స్వలింగ ప్రేమికులైన మగవాళ్ళు ఆమె పాత సినిమాలను, పాటలను మళ్ళీ కొత్తగా చదువుకున్నారని చూపించాడు. అది చాలా చక్కటి అధ్యాయం. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. డయర్ చూపిన ఈ ‘మళ్ళీ చదవడం’ ఎక్కడైనా, ఏ శ్రోతకైనా సహజమని ఆయన వెనక వచ్చినవాళ్ళు తీసుకున్నారు. గాయకుడు తన సంగతి బయట చెప్పగానే శ్రోత పాత పాటల దగ్గరికి పరిగెత్తుతాడట. ఈ పాటలో ‘ఆమె’ ఎవరు, ఆ పాటలో కన్నీరు ఎవరి కోసం అని వెతుకుతాడట.

మా దగ్గర ఎవరూ పరిగెత్తలేదు.

కారణం కోసం డయర్ ఎంచుకున్న తారల వైపే చూడాలి. గార్లండ్ గొంతూ మొహమూ ఒక్కటే. తెర మీద పాడేది ఆవిడే, ఏడ్చేది ఆవిడే. తెలుగు శ్రోతకు ఆ అలవాటు ఎన్నడూ లేదు. ఘంటసాల గొంతు ఒక సినిమాలో రామారావుది, మరో సినిమాలో నాగేశ్వరరావుది. గొంతు ఒకరిది, ఒళ్ళు ఒకరిది, పాత్ర వేరొకరిది. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండాలన్న పట్టుదల మన శ్రోతకు లేదు.

1963 నాటి ‘నర్తనశాల’నే తీసుకోండి. విరాటుడి కొలువులో అర్జునుడు బృహన్నలగా ఉంటాడు. ఆడా మగా కాని రూపం. ఆ రూపంలో తెర మీద ఉన్నది ఎన్.టి. రామారావు. సుసర్ల దక్షిణామూర్తి స్వరపరచిన పాటను, బెంగుళూరు లత తోడుగా పాడింది మన శంకరగుప్తం బాలమురళి. ఆ పాట వచ్చి అరవై ఏళ్ళు దాటింది. కోనసీమలో ఏ పెళ్ళి పందిట్లో పెట్టినా జనం రాగం గురించి మాట్లాడతారు, గమకం గురించి మాట్లాడతారు. ఆ గొంతు ఏ రూపానికి అమరింది అన్నదాని గురించి ఎవరూ ఎన్నడూ ఇబ్బంది పడలేదు. ఇక్కడ నేను బాలమురళి వ్యక్తిగత జీవితం గురించి ఏమీ అనడం లేదు; అనడానికి ఏమీ లేదు కూడా. నేను మాట్లాడుతున్నది శ్రోత చెవి గురించి.

ఆ చెవి సినిమాతో పుట్టింది కాదు. క్షేత్రయ్య మొవ్వ నుంచి బయలుదేరి, మగవాడై ఉండి, ఆడదాని గొంతుతో గోపాలుణ్ణి పిలిచాడు, అలిగాడు, తిట్టాడు. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో నాయిక మాట్లాడేది మగ కవి నోటితోనే. ఆ పదాలను ఈనాటికీ మగ గాయకులు సభల్లో పాడుతున్నారు. ఒక మగవాడు, మగవాడి కోసం విరహపడే మాటలు పాడుతుంటే ఎదురుగా కూర్చున్న పండితులు తల ఊపుతారు తప్ప ‘నిజానికి ఎలాంటివాడు’ అని అడగరు. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ జడ విసిరితే ఊళ్ళకు ఊళ్ళు మురిసిపోయాయి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామ, చింతామణి, రోషనార వేషాలతో రంగస్థలాన్ని ఏలి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్ళలో ఎవరి స్వభావం గురించీ ఊహలు కట్టడం నా ఉద్దేశం కాదు. మా హార్మోనియం పెద్దాయన స్త్రీ పాత్రధారుల పక్కన ఎన్ని రాత్రులు వాయించి ఉంటారో ఆయనకే తెలియదు. పాడేవాడి ఒంటికీ పాటలోని కోరికకూ లంకె పెట్టకూడదన్నది ఆయన పుస్తకంలో చదువుకున్నది కాదు, ఆ వేదికల మీద తెల్లవార్లూ కూర్చుని వంటబట్టించుకున్నది.

ఇక మాటల సంగతి. జార్జ్ మైకేల్ 1998 ఏప్రిల్ 7న బెవర్లీ హిల్స్ పార్కులో మఫ్టీ పోలీసు చేతికి చిక్కాడు. మూడు రోజులకు సీఎన్ఎన్‌లో తాను గేనని చెప్పాడు. అదే ఏడాది చివర విడుదలైన అతని పాత పాటల సంపుటి బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. ఇలాంటి సంఘటనను తెలుగులో చెప్పాలంటే మనకు దొరికే క్రియ ఏది? పత్రికల వాళ్ళకు చేతికందేది ‘ఒప్పుకున్నాడు’. దొంగతనం ఒప్పుకుంటారు, లంచం ఒప్పుకుంటారు. రెండోది ‘బయటపడ్డాడు’. బండారం బయటపడుతుంది, గుట్టు బయటపడుతుంది. ఈ రెండు మాటలతో వార్త చదివినవాడికి, చదవడం పూర్తయ్యేలోపే తీర్పు చేతికొచ్చేస్తుంది. ‘స్వలింగ సంపర్కి’ అన్న మాటా అంతే. మనిషి ప్రేమనూ, కాపురాన్నీ, ఒంటరితనాన్నీ మొత్తం పక్కకు నెట్టి పడకగది ఒక్కటే మిగులుస్తుంది.

ఓడలరేవులో నేను విన్న క్రియ ఈ రెండూ కాదు. చేపల వేలం దగ్గర లెక్క రాసే ఒకావిడ, సంగతంతా విని, “పాపం, అన్నాళ్ళకి చెప్పుకున్నాడు కదండీ” అంది. ‘చెప్పాడు’ కాదు, ‘చెప్పుకున్నాడు’. ఈ ‘కొను’ గురించి వ్యాకరణాలు ఆత్మార్థకమని ఒక ముక్క చెప్పి ఊరుకుంటాయి. వాడుకలో దాని బరువు వేరు. కష్టం చెప్పుకుంటాం, గోడు చెప్పుకుంటాం, దేవుడికి చెప్పుకుంటాం. చెప్పుకునేవాడికి ఎదుట వినేవాడు కావాలి, ఆ వినేవాడు మనవాడై ఉండాలి. అంటే ఆ క్రియ వాడిన క్షణంలోనే ఆవిడ, ఎన్నడూ చూడని, పాట అర్థం కూడా తెలియని ఒక పరాయి దేశపు గాయకుడికి తనవాడి హోదా ఇచ్చింది.

అదే క్రియకు రెండో ముఖం ఉంది. “ఫలానావాడి గురించి ఇలా చెప్పుకుంటున్నారు” అంటే జనం గుసగుస. పేరున్న గాయకుడు నోరు విప్పకముందు అతని గురించి జనం చెప్పుకుంటారు. విప్పిన రోజున అతనే చెప్పుకుంటాడు. మాట అదే, సొంతదారు మారతాడు. గాయకుడు తన సంగతి వెల్లడించడమంటే నా లెక్కలో ఇంతే: ఇతరుల నోట్లో నలుగుతున్న తన కథను తన నోట్లోకి తెచ్చుకోవడం. కుర్రాడు వాడిన ‘అంట’ కూడా ఇక్కడే ఆలోచించదగ్గది. “గే అంట” అన్నప్పుడు సమాచారానికి పూచీ తనది కాదు, లోకానిది. గాయకుడు స్వయంగా చెప్పుకున్నాక ఆ ‘అంట’ రాలిపోవాలి. మా వాళ్ళ మాటల్లో కొందరి దగ్గర రాలింది, కొందరి దగ్గర రాలలేదు. గొంతు తగ్గించి చెప్పే అలవాటు ఆ ప్రత్యయంలోనే దాక్కుని ఉందని నాకు అనిపిస్తుంది.

వెలుగు తగ్గాక చెప్పుకున్న గాయకుల విషయంలో ఈ సొంతదారు మార్పు మరీ స్పష్టం. జానీ మాథిస్ 1950లలో అమెరికా ఇళ్ళల్లో మోగిన గొంతు. 1958 నాటి అతని పాటల సంపుటి 490 వారాలు అమ్మకాల పట్టికలో నిలిచింది. 1982లో ఒక పత్రికతో తన స్వభావం గురించి అన్న మాట అచ్చులోకి వచ్చేసింది. చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ప్రసక్తి ఎత్తలేదు. అతని నోటి మాటే అయినా, ఎప్పుడు ఎవరికి చెప్పుకోవాలన్నది అతని చేతిలో లేకపోయింది. బ్యారీ మానిలో కథ దీనికి ఎదురు. ‘మాండీ’తో 1975 మొదట్లో అమెరికాలో మొదటి స్థానానికి చేరినవాడు, 1978 నుంచీ ఒకే మనిషితో కలిసి ఉన్నవాడు, 2014లో ఆ మనిషినే పెళ్ళి చేసుకుని, 2017లో డెబ్బయి మూడేళ్ళ వయసులో పీపుల్ పత్రికకు చెప్పుకున్నాడు. ఆడ అభిమానులు నొచ్చుకుంటారేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డానన్నాడు. వాళ్ళు సంతోషించారు. దాదాపు నలభై ఏళ్ళ భయానికి జవాబు ఒక్క రోజులో వచ్చింది. మానిలో కథ చెప్పినప్పుడు మా ఊరి ఆడవాళ్ళు ఎక్కువగా పట్టుకున్నది ఆ నలభై ఏళ్ళనే. “అన్నేళ్ళు ఒకళ్ళతోనే ఉన్నాడా?” అన్న ప్రశ్నలో ఉన్నది మెచ్చుకోలు.

గాయకుడు రికీ మార్టిన్ 2010 మార్చిలో చెప్పుకున్నాడు. అంతకు పదేళ్ళ ముందు టీవీలో బార్బరా వాల్టర్స్ అతని స్వభావం గురించి అడుగుతూ ఒత్తిడి చేసింది. అలా అడిగినందుకు ఆమె తర్వాత బాధపడింది. ‘నిజానికి ఎలాంటివాడు’ అన్న డయర్ ప్రశ్న సిద్ధాంతంగా పుస్తకంలో ఉన్నప్పుడు అందంగా ఉంటుంది. ఒక మనిషి మొహం మీద కెమెరా పెట్టి అడిగినప్పుడు దాని కాఠిన్యం తెలుస్తుంది.

నాకు విరుద్ధంగా ఉన్న సాక్ష్యం దాచను. హాస్టలు కుర్రాళ్ళలో ‘తేడా’ అన్న మాట ఎగతాళిగా విన్నాను, ప్రార్థనకు వెళ్ళే ఒకరిద్దరు ‘పాపం’ అన్నారు, అమెరికాలో 2010లో బయటికొచ్చిన గాయని చెలీ రైట్‌కు పల్లె పాటల శ్రోతల్లో అమ్మకాలు పడిపోయాయి. కానీ ఈ ఎగతాళి, ఈ భయం పాట వినడం నుంచి పుట్టినవి కావు. సినిమాల్లో ఆడంగి వేషాల హాస్యం, టీవీ నవ్వుల కార్యక్రమాలు, 2018 సెప్టెంబరు 6 దాకా నేరమని చెప్పిన 377 సెక్షన్ నుంచి దిగుమతి అయినవి. ఆ సెక్షన్ 1860లో కంపెనీ పాలన ముగిసిన రెండేళ్ళకే తెల్లవాళ్ళు రాసిచ్చింది. క్షేత్రయ్య పదం విన్న చెవిలో ఆ ఎగతాళి లేదు. అందుకే నా వాదన ఓడలరేవుతో ఆగదు. పాడేవాడి ఒంటినీ పాటనూ విడదీసి వినగల శ్రోత ఈ దక్షిణాది అంతటా ఉన్నాడు. మన దగ్గర ఒక పేరున్న గాయకుడు రేపు నోరు విప్పితే ఆ శ్రోత అతన్ని వదులుకోడు. వదులుకుంటాడన్న భయం గాయకుడి మనసులో నాటింది మన పాట కాదు.

తెలుగు తెర ఈ దిశగా ఒక అడుగు వేసింది. 2018లో వచ్చిన ‘అ!’లో ఇద్దరు అమ్మాయిల ప్రేమను వెక్కిరింత లేకుండా చూపించారు. తెర బయట, 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు మగవాళ్ళు బంధుమిత్రుల ముందు ఒక్కటయ్యారు. వాళ్ళ పెళ్ళికి చట్టబద్ధత కావాలన్న పిటిషన్‌ను 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు కాదంది. పాట లోకంలో మాత్రం పేరున్నవాళ్ళెవరూ ఇంకా ముందుకు వచ్చినట్టు నాకు తెలియదు.

వచ్చిన రోజున ఆ వార్త రాయబోయే ఉపసంపాదకులకు నాది ఒకే విన్నపం. శీర్షికలో ‘ఒప్పుకున్నాడు’ అని వేయకండి. ‘బయటపడ్డాడు’ అని అసలే వేయకండి. ‘చెప్పుకున్నారు’ అని వేయండి. ఆ మాట మీకు ఓడలరేవు ఎప్పుడో ఇచ్చింది.