రామతీర్థం కొండమీద ఒక కన్నడ శాసనం

జైన తీర్థయాత్ర అనగానే మనలో చాలామందికి శ్రవణబెళగొళ గుర్తుకు వస్తుంది. పశ్చిమ గంగరాజుల మంత్రి చాముండరాయడు 981 ప్రాంతంలో వింధ్యగిరి మీద నిలిపిన 57 అడుగుల ఏకశిలా గోమటేశ్వరుణ్ణి ఒకసారి చూచినవారు మరువలేరు. మా పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలలో అటువంటి మహావిగ్రహం లేదు. అయినా జినప్రతిమను గురించిన అతి ప్రాచీన ప్రస్తావనలలో ఒకటి మా కళింగానిదే. భువనేశ్వరం చేరువనున్న ఉదయగిరిలో, హాథీగుంఫా శాసనంలో, ఖారవేలుడు తన పన్నెండవ పాలనావర్షపు విజయాలను చెప్పుకున్నాడు. నందరాజు తీసుకుపోయిన కళింగ జినుణ్ణి మగధ నుండి తిరిగి తెచ్చుకోవడం వాటిలో ఒకటి. ఆ ప్రతిమ జాడ ఇప్పుడు లేదు.

మరి ఈ తీరాన జైనుల ఆనవాళ్ళేవీ మిగలలేదా? ఆ ప్రశ్నతోనే నేను రామతీర్థం వెళ్ళాను. పలాసలో రైలెక్కితే నౌపడా, ఆమదాలవలస దాటి, వంశధార నాగావళులను దాటి విజయనగరం చేరవచ్చు. అక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉంది రామతీర్థం. యాత్రికులలో అత్యధికులు రామస్వామి దర్శనం చేసుకుని వెనుదిరుగుతారు. అక్కడే గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయి. 1910 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలతో అవి వెలుగు చూశాయి. నేను వెతుక్కుంటూ వెళ్ళినవి మాత్రం దుర్గకొండ మీద ఉన్నాయి.

అక్కడి సహజమైన గుహలో తీర్థంకరుల ప్రతిమలున్నాయి. పెద్దవి కావు. గాలికీ వానకూ అరిగి, ముఖాలు చెరిగిపోయాయి. శ్రవణబెళగొళ వైభవాన్ని మనసులో పెట్టుకుని వచ్చినవారికి నిరాశే మిగులుతుంది. కాని ఆ గుహ గోడమీద ఒక శాసనం ఉంది. వేంగి చాళుక్యరాజు విమలాదిత్యుని కాలానిది, అంటే 1011, 1018 సంవత్సరాల నడిమిది. దేశిగణానికి చెందిన ఆచార్యుడు, రాజుకు గురువు, త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ రామకొండకు భక్తితో నమస్కరించాడని దాని సారాంశం. భాష కన్నడం. నాటి తెలుగు, కన్నడ లిపులు దాదాపు ఒకటే కనుక అక్షరాలు మాత్రం మనకు పరాయివి కావు.

ఇందులో ఆలోచించవలసిన సంగతులు రెండున్నాయి. శ్రవణబెళగొళ శాసనాలలో తరచుగా కనబడే మునిగణాలలో దేశిగణం ఒకటి. గోమటేశ్వరుడు నిలిచిన ముప్పయి నలభై యేళ్ళకే, ఆ గణానికి చెందిన ఆచార్యుడొకడు ఈ చిన్న ప్రతిమల కొండకు మొక్కి, ఆ మాట రాతిమీద మిగిల్చాడు. ఆయన ఇక్కడకు విగ్రహపు ఎత్తు చూడడానికి రాలేదు. ఈ కొండ ఆయనకు అప్పటికే పవిత్రమైన తీర్థం.

రెండవది మన సాహిత్యానికి సంబంధించినది. ఈ విమలాదిత్యుడు రాజరాజచోళుని కుమార్తె కుందవ్వను పెళ్ళాడినవాడు. వారి కుమారుడే నన్నయ చేత భారతాన్ని తెలుగు చేయించిన రాజరాజనరేంద్రుడు. ఇంతమాత్రాన తండ్రి జైనం స్వీకరించాడని తీర్మానించలేము. ఆయన గురువులలో ఒక జైనముని ఉన్నాడనడానికి మాత్రం శాసనమే సాక్షి. మన ఆదికావ్యం పుట్టుకను చెప్పుకునేటప్పుడు వేదమతాభిమానంతో మొదలుపెడతామే గాని, ఆ కొలువుకు ఒక తరం వెనుక నిలిచిన ఈ మునిని తలచుకోము. ఆయన పేరు ఈ రాతిమీద మిగిలి ఉంది. పక్కనున్న ప్రతిమల ముఖాలు చెరిగినట్లే ఆ అక్షరాలూ చెరిగిపోగలవు.

రామతీర్థం వెళ్ళేవారు దర్శనం తరువాత ఒక పూట దుర్గకొండకు కేటాయించండి. గుహలో సున్నాలు, రంగులు పూయకుండా, పేర్లు చెక్కకుండా చూడమని తోటివారికి చెప్పండి. మీ ఊరి చెరువుగట్టున పద్మాసనంలోనో, తలపై పాము పడగతోనో దిగంబర ప్రతిమ కనబడితే, కదపకుండా ఫొటో తీసి, ఊరి పేరుతో సహా వ్రాసి ఉంచండి.