రాకుమారి చోటు, పిల్లల చోటు: వినోద పార్కుల ఆకర్షణలో ఆడ–మగ తేడాపై ఒక పరిశీలన

ఖమ్మం–వరంగల్ దారి మీది తిరుమలాయపాలెం మండలంలో థీమ్ పార్కు లేదు. ఇక్కడి పిల్లలు ఊరు దాటి వేడుక చూడబోయేది ఎక్కువగా మూడు దిక్కులకు. సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వైపు వెళ్తే నగరం రాకముందే రామోజీ ఫిల్మ్ సిటీ తగులుతుంది. చలికాలంలో బడి విహారయాత్రల బస్సులు అటు కదులుతాయి. తూర్పున భద్రాచలం, అక్కడి నుంచి పర్ణశాల. రెండేళ్లకోసారి ఉత్తరాన మేడారం. మొదటిది టికెట్ కొని చూసే వినోదం, మిగతా రెండూ మొక్కుతో ముడిపడిన ప్రయాణాలు. అయినా మూడు చోట్లా ఒక రాచబిడ్డో, దొరబిడ్డో కథకు నడుమ ఉంది. అందుకే, అమెరికా పార్కుల గురించి ఎక్కువగా అడిగే ఒక ప్రశ్నను ఈ ఊరి నుంచి అడగడం ఉపయోగపడుతుందని అనుకున్నాను.

ఆ ప్రశ్న ఇది: రాకుమారి బొమ్మ, కోట, వేషం పెట్టిన ఆకర్షణలు ఆడపిల్లలనే ఎందుకు లాగుతాయి, మగపిల్లలు ఎందుకు తప్పుకుంటారు? వ్యాపారం చేసేవాళ్ల జవాబు సులువు. కథ ఆడపిల్లది కాబట్టి. ఈ జవాబు నిలవదని నా వాదన. తేడా కథలో కంటే, ఆ కథ ముందు పిల్లను ఎక్కడ నిలబెట్టారు, ఏం చేయనిచ్చారు అన్నదానిలో ఎక్కువగా ఉంది. ఇందుకు గట్టి సాక్ష్యం డిస్నీ పార్కుల సొంత చరిత్రలోనే దొరుకుతుంది.

1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు స్నోవైట్ పేరుతో ఒక రైడ్ పెట్టారు. 1937 నాటి సినిమా కథే. చిన్న బండిలో కూర్చుంటే అది మిమ్మల్ని చీకటి అడవిలోకి, మంత్రగత్తె ముందుకు తీసుకుపోతుంది. విచిత్రమేమంటే లోపల ఎక్కడా స్నోవైట్ కనబడదు. బండిలో కూర్చున్నవాళ్లే స్నోవైట్. అడవి చెట్లు చేతులు చాచేది మీ మీదికే, మంత్రగత్తె ఆపిల్ పండు చాపేది మీకే. అంటే ఆ బండెక్కిన ప్రతి మగపిల్లవాడూ, వాడి పక్కనున్న తండ్రీ కూడా ఆ కాసేపు రాకుమారి చోటులో కూర్చున్నారు. ఎవరూ సిగ్గుపడలేదు, ఎందుకంటే ఎవరికీ ఆ సంగతే తెలియలేదు. స్నోవైట్ ఏదీ అని సందర్శకులు అడుగుతూ వచ్చారు. చివరికి 1983లో రైడ్‌ను తిరగరాసినప్పుడు ఆమె బొమ్మను లోపల పెట్టారు. ఫ్లోరిడాలో 1971లో తెరిచిన రైడ్‌లోనూ 1994లో ఇదే మార్పు. రాకుమారి కంటికి కనబడగానే కూర్చున్నవాళ్లు ప్రేక్షకులైపోయారు. ఎవరి ప్రయాణమో చూస్తున్న పరాయివాళ్లు. నా దృష్టిలో రాకుమారి ‘ఆడపిల్లల వస్తువు’ కావడంలో ఇదొక మెట్టు, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

తరువాతి మెట్టు అంగడిలో పడింది. 2000 ప్రాంతంలో డిస్నీ సంస్థ వేర్వేరు సినిమాల రాకుమారులందరినీ ఒకే వరుసలో నిలబెట్టి ‘డిస్నీ ప్రిన్సెస్’ పేరుతో గౌన్లు, కిరీటాలు, బొమ్మలు అమ్మడం మొదలుపెట్టింది. 2006లో ఫ్లోరిడా పార్కు ఆవరణలో పిల్లలకు తల దువ్వి, మెరుపులు చల్లి, గౌను తొడిగే సెలూన్ వెలిసింది. అక్కడ మగపిల్లలకు కత్తి, డాలు ఇచ్చి వీరుడి వేషం వేస్తారు. అదే ఏడాది అమెరికన్ రచయిత్రి పెగ్గీ ఓరెన్‌స్టీన్ ఈ ధోరణిని ప్రశ్నిస్తూ రాసిన వ్యాసం పెద్ద చర్చ రేపింది. సారా కోయిన్ బృందం 198 మంది చిన్నపిల్లల మీద చేసి 2016లో అచ్చువేసిన అధ్యయనం, రాకుమారి బొమ్మలతో ఎక్కువగా గడిపిన పిల్లల్లో ఏడాది తరువాత ‘ఆడపిల్ల లక్షణాలు’ అనుకునే ప్రవర్తన పెరిగిందని చెప్పింది. ఇది ఆడపిల్లల్లోనే కాదు, మగపిల్లల్లోనూ కనిపించింది. 2021లో అదే బృందం, ఆ పిల్లలు కాస్త ఎదిగాక, మగతనం గురించి వాళ్ల అభిప్రాయాలు మరింత ఉదారంగా ఉన్నాయని రాసింది. మొదటి ఫలితాన్ని పట్టుకుని ఊగిపోయినవాళ్లలో చాలామంది రెండోదాన్ని చదివినట్టు లేదు.

పార్కు యజమానులకు మాత్రం సిద్ధాంతంతో పనిలేదు, కావలసింది కుటుంబం మొత్తం. 2009లో ఫ్లోరిడా మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఫాంటసీల్యాండ్‌ను విస్తరిస్తామని ప్రకటించినప్పుడు ఆ పటంలో ఎక్కువ భాగం రాకుమారులను కలిసి ఫొటో దిగే ఇళ్లే. కొడుకులున్నవాళ్లు ఏం చేయాలన్న మాట వచ్చింది. 2011లో పటం మారింది, మరుగుజ్జుల గనిలో పరుగెత్తే రైలు వచ్చి చేరింది. 2012లో పాత స్నోవైట్ రైడ్ మూతపడింది. ఆ చోటునే 2013లో రాకుమారులను కలిసే మందిరంగా మార్చారు. 2014 మే 28న గని రైలు మొదలైంది. అందరూ స్నోవైట్ అయిన ఇల్లు ఇప్పుడు స్నోవైట్ బంధువర్గం ముందు వరుసలో నిలబడి ఫొటో దిగే ఇల్లయింది. గని రైలు చివర ఒక గుడిసె కిటికీలోంచి మరుగుజ్జులతో ఆడుతున్న స్నోవైట్ క్షణకాలం కనిపిస్తుంది. ఒకే కథను రెండుగా చీల్చి, నిలబడే భాగం ఆడపిల్లలకూ, పరుగెత్తే భాగం ‘అందరికీ’ అని పంచారన్నమాట. ఆ ‘అందరికీ’ అన్న చోట ఎవరిని మనసులో పెట్టుకున్నారో చెప్పనక్కర్లేదు. 2010లో రపుంజెల్ కథను ఆమె పేరు లేకుండా ‘టాంగిల్డ్’ అని విడుదల చేయడం వెనుకా ఇదే భయం.

ఇక మన వైపు. తెలుగు పిల్లలకు రాకుమారి పార్కులో పరిచయం కాలేదు. 1947లో మొదలైన చందమామలోనూ, జానపద సినిమాల్లోనూ పరిచయమైంది. ‘పాతాళ భైరవి’ (1951) లో ఇందుమతి చేసే పని తక్కువ. ఆమెను మేడతో సహా ఎత్తుకుపోతారు, తోటరాముడు వెళ్లి తెచ్చుకుంటాడు. చూసొచ్చిన పిల్లలు ఆడ మగ తేడా లేకుండా అనుకరించింది మాత్రం ఎస్వీ రంగారావు మాంత్రికుణ్ణి. రాకుమారి ఊరికే నిలబడ్డ చోట ఆడపిల్లలు కూడా ఆమెను వదిలేసి మాంత్రికుడి గడ్డం వైపు వెళ్లారు. ఇదొక పక్క.

రెండో పక్క ‘మాయాబజార్’ (1957). శశిరేఖ ప్రియదర్శినిలో అభిమన్యుణ్ణి చూసి మురిసే ముద్దరాలుగా సినిమా మొదటి సగంలో కనబడుతుంది. తరువాత ఘటోత్కచుడు ఆమె రూపం ఎత్తుతాడు. అక్కడి నుంచి సావిత్రి నడక మారుతుంది, చూపు మారుతుంది, నగల మధ్య నుంచి రాక్షసుడు తొంగి చూస్తాడు. పెళ్లి పీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతాడు. మాయా శశిరేఖ పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది. పట్టుచీర, వడ్డాణం, పూలజడ, ఏదీ తీసేయలేదు. పిల్లలకు కొత్తగా దక్కింది ఆ అలంకారం లోపల అల్లరి చేసే వీలు. ఏడు దశాబ్దాలుగా ఈ సన్నివేశానికి ఇంట్లో మగపిల్లలు లేచి వెళ్లిపోయిన దాఖలా నాకు ఎదురుకాలేదు. డిస్నీ పటం గీసినవాళ్లు రైలు పట్టాలు వేసి సాధించాలనుకున్నదాన్ని కె.వి. రెడ్డి ఒక నటి భుజాల కదలికతో సాధించాడని నా అభిప్రాయం. దీని వెనుక మన రంగస్థలం కూడా ఉంది. కూచిపూడిలో ఆడ పాత్రలు మగవాళ్లే వేసేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామను, ఉషను చూసిన తరానికి రాకుమారి వేషం మగవాడికి తగదన్న ఊహే వింతగా తోచేది. ఇవాళ బడి వేషధారణ పోటీల్లో ఆడపిల్ల కత్తి పట్టి రుద్రమదేవి అవుతుంది. మగపిల్లవాడు శశిరేఖ కావడం మాత్రం ఆగిపోయింది. దారి ఒకవైపే తెరిచి ఉంది.

రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది. అక్కడ చూపించేది కథను కాదు, కథ తీసిన చోటును. ‘బాహుబలి’ రెండు భాగాల (2015, 2017) తరువాత మాహిష్మతి సెట్టును సందర్శకులకు తెరిచారు. కుంతల రాకుమారి దేవసేన రెండో భాగంలో విల్లు పట్టి యుద్ధం చేసే మనిషి, శివగామి సింహాసనం నడిపే మనిషి. సెట్టులోకి అడుగుపెట్టిన పిల్లలకు వీళ్లెవరూ ఎదురురారు. ఖాళీ గోడలు, ద్వారాలు, విగ్రహాలు ఉంటాయి. ఎవరి పాత్ర ఎవరు తీసుకోవాలో చెప్పే పనివాడు లేడు. కాబట్టి ఆటను పిల్లలే పంచుకోవాలి. నడుము మీద చేయి వేసి ఆజ్ఞ జారీ చేసే శివగామి పాత్ర దొరికితే వదులుకునే ఆడపిల్ల అరుదు. ఆ ఆజ్ఞకు మోకరిల్లే కట్టప్పగా తమ్ముడు సరిపోతాడు. అది ఎవరూ రూపకల్పన చేయని ఆకర్షణ, అందుకే బాగుంటుంది.

నా వాదనకు ఎక్కువ బలమిచ్చేది పర్ణశాల. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున ఉంది. సీతారామలక్ష్మణులు వనవాసంలో ఉన్నది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. మిథిల రాకుమారిని ఇక్కడ పట్టుచీరలో చూపరు. సీతమ్మ స్నానమాడిన సీతవాగు, నారచీరలు ఆరేసిన గుర్తులని చెప్పే బండలు, పసుపు కుంకుమలకు వాడిందని చూపే రంగురాళ్లు ఉంటాయి. బంగారు లేడి, భిక్షువు వేషంలో రావణుడు బొమ్మలుగా ఉన్నాయి. బొమ్మల దగ్గర పిల్లలు చూస్తారు, వాగు దగ్గర దిగుతారు. వాగులో కాళ్లు పెట్టి రాయి అరగదీసి రంగు వస్తుందా అని చూసే పిల్లవాడు, 1955 నాటి బండిలో కూర్చున్న పిల్లవాడిలాగే, రాకుమారి చోటులో ఉన్నాడు. ఆమె అక్కడ లేదు, ఆమె పనులున్నాయి. బట్టలుతకడం, బొట్టు పెట్టుకోవడం, నీళ్లలో దిగడం. ఆడవాళ్ల పనులే అయినా మగపిల్లలు అక్కడ తప్పుకోరు. ఎదురుగా అలంకరించిన దేహం లేకపోవడమే ఇందుకు కారణమని అనుకుంటున్నాను.

మేడారాన్ని ఈ వరుసలో పెట్టడానికి కొంత జంకుతూనే పెడుతున్నాను. అది కోయల దేవతల జాతర, వినోదస్థలం కాదు. ఆ తేడాను చెరిపే హక్కు నాకు లేదు. రూపం విషయంలో ఒక్క మాట మాత్రం అవసరం. కోయదొరలకు అడవిలో పులుల మధ్య దొరికి పెరిగిన బిడ్డ, కాకతీయ సేనతో పోరాడిన తల్లి సమ్మక్కకు గద్దె మీద విగ్రహం ఉండదు. చిలకలగుట్ట నుంచి తెచ్చేది కుంకుమ భరిణె. నిలువెత్తు బెల్లాన్ని బంగారమని మొక్కుతారు. తూకంలో కూర్చునేది కొడుకైనా కూతురైనా తల్లికి ఒకటే.

అయితే మన చోట్లలో ఆడ–మగ తేడా లేదని దీనర్థమా? ఉంది, గుడి బయట ఉంది. భద్రాచలంలోనైనా జాతరలోనైనా దుకాణాల వరుస చూస్తే చాలు. లక్కపిడతలు, గాజులు, మెరుపు కిరీటాలు ఒకవైపు. తుపాకులు, విల్లంబులు, గదలు మరోవైపు. రాముడి విల్లు మగపిల్లవాడికి కొంటారు. సీతమ్మకు అంగట్లో వస్తువు లేదు, ఆ ఖాళీలోకి ఎల్సా నీలం గౌను వచ్చి కూర్చుంది. ఖమ్మం బట్టల షాపుల్లో పుట్టినరోజుకు కొనే ఆ గౌను వెనుక 2013 నాటి ‘ఫ్రోజెన్’ సినిమా ఉందని చాలామంది తల్లులకు తెలియకపోవచ్చు, పాపకు తెలుసు. డిస్నీ పార్కు తిరుమలాయపాలెం చేరిన దారి ఇదే. రైడ్ రాలేదు, కోట రాలేదు, కొనే వస్తువు వచ్చింది. వస్తువుతో పాటు దాన్ని ఎవరికి కొనాలన్న లెక్క కూడా వచ్చింది.

రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లాలో రాకుమారి లేదు. పెద్ద చక్రాలు, ఎత్తు నుంచి పడేసే బండ్లు, నీటి రైడ్లు. పైకి చూస్తే ఆడ–మగ తేడా లేని పార్కు. ఎత్తు కొలబద్ద దగ్గర పాపనూ బాబునూ ఒకే గీతతో కొలుస్తారు. కానీ నీళ్లలో దిగడానికి నైలాన్, లైక్రా వంటి బట్టలే ఉండాలి. చీరకు అనుమతి లేదు. భద్రత దృష్ట్యా సరైన నియమమే, చీర కుచ్చిళ్లతో అలల కొలనులో దిగడం ప్రమాదం. ఫలితం మాత్రం మరో రకం. పల్లె నుంచి కుటుంబంతో వచ్చిన తల్లి, అత్త, అమ్మమ్మ ఆ బట్టలు వేసుకోవడానికి మొహమాటపడి ఒడ్డున బెంచీల మీద సంచులు, చెప్పులు, ఫోన్లు కాపలా కాస్తారు. టికెట్ వాళ్లకూ ఉంది. రాకుమారి ఆకర్షణల మీద వచ్చిన పరిశోధన దాదాపుగా పిల్లల చుట్టే తిరిగింది. టికెట్ కొని ఒడ్డున కూర్చున్న ఈ ఆడవాళ్లను ఎవరూ లెక్కించలేదు. పార్కు లోపల ఎవరు ఏ ఆకర్షణకు ఎంతసేపు వెళ్లారని కొలిచే పద్ధతిలో వాళ్లు ఎక్కడా కనిపించరు, ఎందుకంటే వాళ్లు ఏ వరుసలోనూ నిలబడలేదు. అదే తల్లులు పర్ణశాలలో చీర కాస్త ఎత్తి పట్టుకుని మోకాళ్ల దాకా సీతవాగులో దిగుతారు, పిల్లల కంటే ముందు.