బాకీ కింద పోయిన జమీ

రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816 ఆగస్టులో కన్నుమూశాడు. సరిగ్గా ముప్పై ఏళ్లకు ఆయన జమీ పాత బాకీల కింద ఈస్టిండియా కుంఫిణీ పరమైంది. ఆ నడుమ గుంటూరు సీమ ఒక్క కరువులోనే లక్షన్నరకు తక్కువ కాకుండా ప్రాణాలు పోగొట్టుకుంది. రాజు కథ గుడి దగ్గర వింటాం, కరువు కథ పెద్దవాళ్ల నోట వింటాం, వేలం సంగతి కచేరీ దస్త్రాల్లో ఉండిపోయింది. నాకు మాత్రం ఇవన్నీ కలిపి ఒకటే కథ, అది రైతు కళ్లంలో మొదలవుతుంది.

వెంకటాద్రి చేతికి జమీ వచ్చింది 1783లో. గుంటూరు సర్కారు అప్పటికింకా నిజాం కిందే ఉంది. 1788లో కుంఫిణీ దాన్ని స్వాధీనం చేసుకుంది. కుంఫిణీ దండు తన గుమ్మంలో ఉండటం సహించలేకే ఆయన చింతపల్లి విడిచి కృష్ణ ఒడ్డున అమరావతి కట్టించాడని అంటారు. అమరేశ్వరుడి గుడి బాగు చేయించాడు. 1807, 1809 మధ్య మంగళగిరిలో పదకొండు అంతస్తుల గాలిగోపురం ఎత్తించాడు. దాని ఎత్తు 153 అడుగులు. చెంచులను విందుకు పిలిచి నరికించాడనీ, ఆ పాపం తగిలి విస్తట్లో అన్నం పురుగులై కనిపించేదనీ, ఈ గుళ్లన్నీ దానికి ప్రాయశ్చిత్తమనీ జనం చెప్పుకుంటారు. ఆ చెంచుల కోసం ఎవరు ఏడ్చారో ఏ శాసనమూ చెప్పదు.

గోపురాల ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది? పంట కోసి, నూర్చి, కళ్లంలో రాశి పోశాక దాని మీద ముద్రలు వేసేవాళ్లు. ముద్ర చెదిరితే దొంగతనమే. కరణం వచ్చి కొలిపించేదాకా రైతు తాను పండించిన గింజ ముట్టడానికి లేదు. కొలత రోజున దివాణం వాటా తీస్తారు, గ్రామాధికారుల వంతు తీస్తారు, కమ్మరి, వడ్రంగి, చాకలి మేరలు తీస్తారు. చివరికి మిగిలింది రైతుది. ఎంత పండిందో, ఎంత పోయిందో రాసేది కరణం కవిలెలో, అంటే లెక్కల పుస్తకంలో. ఆ కవిలె కట్టే జమీందారుకు కళ్లు, తర్వాత దొరలకూ అవే కళ్లు.

1802లో పర్మనెంటు సెటిల్మెంటు వచ్చింది. జమీ రాబడిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు పేష్కష్‌గా, అంటే కుంఫిణీకి కట్టే కప్పంగా, ఖాయం చేశారు. వాన పడినా పడకపోయినా కిస్తీ గడువు గడువే. అప్పటికి కృష్ణకు ఆనకట్ట లేదు, గుంటూరు పొలాలకు ఆకాశమే దిక్కు. కదలని కిస్తీని కదిలే మబ్బుకు ముడిపెట్టారు. నా దృష్టిలో ఈ పతనానికి మూలం అదే.

వెంకటాద్రికి కడుపున పుట్టిన కొడుకులు లేరు. జగన్నాథ బాబును దత్తత తీసుకున్నాడు, జగన్నాథ బాబు ఉండగానే రామనాథ బాబునూ తీసుకున్నాడు. తండ్రి పోగానే వారసత్వం కోర్టుకెక్కింది. పోగుచేసిన సొమ్ము వకీళ్లకు పోయింది, ఊళ్లు అప్పులవాళ్ల చేతుల్లో నలిగాయి.

అలాంటి స్థితిలో 1832లో నందన నామ సంవత్సరం వచ్చింది. జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. వానలు లేవు, గాదెలు ఖాళీ. గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనాభా ఉంటే లక్షన్నర మంది పోయారని ఒక అంచనా, రెండు లక్షలని మరొకటి. ఉన్న ఊరు విడిచి మద్రాసు బాటపట్టినవాళ్లలో ఎందరో ఒంగోలు, నెల్లూరు దాటే లోపే దారి పక్కన పడిపోయారు. దున్నేవాడే లేనప్పుడు కిస్తీ ఎవరు కడతారు? వాసిరెడ్డి వారిదే కాదు, గుంటూరు జమీలన్నీ బాకీల్లో మునిగాయి, ఒక్కొక్కటిగా జప్తయి కలెక్టరు అమానీలోకి, అంటే నేరుగా సర్కారు నిర్వహణలోకి, వెళ్లాయి.

జమీందారు తప్పుకున్నా రాబడి పెరగలేదు. ఎందుకో తేల్చమని మద్రాసు సర్కారు వాల్టర్ ఎలియట్‌ను పంపింది. హుజూరు కచేరీ శిరస్తాదారు మొదలు పల్లె కరణం దాకా ఒకే అల్లిక ఉందని ఆయన గమనించాడు. పండిన పొలం బీడుగా, వచ్చిన పైకం రానిదిగా లెక్కల్లోకి ఎక్కేది. కలెక్టరు తన ముందు పెట్టిన కాగితం మీద సంతకం చేసేవాడు. ఆ చీకట్లో నలిగింది, చనిపోయినవాళ్ల పొలానికి కూడా జవాబు చెప్పవలసి వచ్చిన బతికిన రైతు.

అదే ఎలియట్ 1845లో అమరావతి దిబ్బ కూడా తవ్వించాడు. యాభై ఏళ్ల కిందట వెంకటాద్రి మనుషులు ఇటుకలూ రాళ్లూ పీక్కుపోయిన బౌద్ధ స్తూపం అది. దాన్ని అంతకుముందే చూసి వెళ్లిన కుంఫిణీ సర్వేయరు మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికే దాని నడిమి భాగం కోనేరైపోయింది. ఎలియట్ తీయించిన శిల్పాలు మొదట మద్రాసుకు, అక్కడి నుంచి లండనుకు చేరాయి.

1846లో వాసిరెడ్డి జమీని ప్రభుత్వమే వేలంలో కొనేసింది. మొదటి దత్తుడు ఉండగా రెండో దత్తత చెల్లదని ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పిందీ ఈ కుటుంబపు వారసత్వ దావాలోనే. రంగమ్మ–అచ్చమ్మల కేసుగా న్యాయశాస్త్రం దాన్ని ఈనాటికీ గుర్తుంచుకుంది. గెలిచిన పక్షానికి ఏలుకోవడానికి జమీ లేదు. రైతు మాత్రం దివాణానికి బదులు తహసీల్దారుకు కట్టడం నేర్చుకున్నాడు. కవిలె అదే కరణం చంకలో ఉంది.

ఆకాశమే దిక్కైన ఆ పొలాలకు కృష్ణ నీటిని మళ్లించవచ్చని కుంఫిణీ సర్వేయర్లు 1790లలోనే సూచించారు. బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో. తెనాలి, రేపల్లె వైపు కాలవలు పారాయి. పల్నాటి మెట్టకు నాగార్జునసాగర్ కట్టేదాకా, అంటే మరో వందేళ్లు దాటేదాకా, ఆ నీళ్లు ఎక్కలేదు.