ఉప్పల్ రోడ్డు నుంచి ఎయిడ్స్ మందు

ఎయిడ్స్‌కు అనుమతి పొందిన తొలి మందు జిడోవుడిన్. డాక్టర్ల నోట ఏజెడ్‌టీ. దాన్ని మన దేశంలో చౌకగా తయారుచేసే పద్ధతి రూపుదిద్దుకున్నది హైదరాబాద్‌లో తార్నాక దగ్గర, ఉప్పల్ రోడ్డు మీది ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ). 1944లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన ఈ పరిశోధనశాల 1956లో సీఎస్‌ఐఆర్ చేతికి వచ్చింది. 1989లో పేరు మారి ఐఐసీటీ అయినా పాతవాళ్ళు పాత పేరుతో ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు.

జిడోవుడిన్‌ను అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ 1964లో క్యాన్సర్ కోసం తయారుచేశారు. ఆ పనికి అది అక్కరకు రాలేదు. హెచ్‌ఐవీని అడ్డుకుంటుందని 1985లో తేలింది. తర్వాత 282 మంది రోగులపై జరిపిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 19 మంది చనిపోగా, మందు పడినవారిలో ఒక్కరే చనిపోయారు. 1987 మార్చిలో అమెరికా అనుమతి ఇచ్చింది.

మందు పనిచేసే తీరు తెలిస్తే దాని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. హెచ్‌ఐవీ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా రాసుకోవడానికి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమును వాడుకుంటుంది. జిడోవుడిన్ చూడటానికి డీఎన్‌ఏలోని థైమిడిన్ లాగే ఉంటుంది. కానీ తర్వాతి పూసకు దారం ఎక్కనివ్వని పూస అది. అది చేరిన చోటే గొలుసు ఆగిపోతుంది. మింగిన మాత్ర నేరుగా ఈ పని చేయదు. కణం లోపల దానికి మూడు ఫాస్ఫేట్లు తగిలాకే మందు అవుతుంది. రక్తంలో దాని పరిమాణం సుమారు గంటలో సగానికి పడిపోతుంది. అందుకే మొదట్లో రాత్రి నిద్ర లేపి మరీ నాలుగు గంటలకోసారి ఇచ్చేవారు, రోజుకు 1,500 మిల్లీగ్రాముల దాకా. అసలు మందు కణంలో మరికొంతసేపు నిలుస్తుందని తెలిశాక పెద్దలకు 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు సరిపోయింది. ఎక్కువ మోతాదు ఎముక మజ్జను దెబ్బతీసి రక్తహీనత తెచ్చేది. రక్తహీనత విస్తారంగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. హిమోగ్లోబిన్ చూడకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు.

మరో అడ్డంకి ధర. అమెరికాలో మొదట ఏడాదికి 8,000 నుంచి 10,000 డాలర్లు అయ్యేది. గుంటూరులో పుట్టిన అల్లా వెంకట రామారావు 1985 నుంచి 1995 వరకు ఐఐసీటీని నడిపారు. అప్పట్లో మన దేశంలో 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే హక్కు ఇచ్చేది. కాబట్టి కొత్త దారి కనిపెట్టినవారు అదే మందును చట్టబద్ధంగా చేయగలిగేవారు. రామారావు నాయకత్వంలో ఐఐసీటీ ఆ దారి వేసింది, సిప్లా కంపెనీ 1993లో మందును బజారులోకి తెచ్చింది. అయినా అప్పటి రోగుల్లో చాలామందికి సిప్లా ధర కూడా భారమే. రిటైరయ్యాక రామారావు 1995లో ఆవ్రా లేబొరేటరీస్ పెట్టారు. హబ్సిగూడ, నాచారం పరిసరాల్లోనే పని సాగించి క్యాన్సర్ మందు ఇరినోటెకాన్‌ను తయారుచేశారు. 2016లో పద్మభూషణ్ అందుకున్న ఆయన 2023లో కన్నుమూశారు.

చౌకగా దొరికినంత మాత్రాన జిడోవుడిన్ ఒక్కటే రోగిని కాపాడలేదు. నెలల్లోనే వైరస్ రూపు మార్చుకుని దానికి లొంగడం మానేసేది. 1994లో ఒక్క విజయం మాత్రం గట్టిగా నిలిచింది: గర్భిణికి, బిడ్డకు ఈ మందు ఇస్తే వ్యాధి సోకే అవకాశం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గింది. 1996 నుంచి మూడేసి మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాకే మరణాలు బాగా తగ్గాయి. 2001లో సిప్లా మూడు మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఉచిత చికిత్స ప్రారంభించింది. ఇప్పుడు పెద్దలకు ముందుగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర. హెచ్‌ఐవీ ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డల నివారణ మందుల్లో జిడోవుడిన్‌కు ఇంకా చోటుంది.